కథ ఉన్న గేమ్ ఆడాక మనసులో మిగిలింది రాసుకోవడం ఎలా

'టు ద మూన్' మొదటిసారి పూర్తి చేసినప్పుడు నేను శ్రీకాకుళంలో, నాగావళి బ్రిడ్జికి దగ్గర్లో ఒక అద్దె గదిలో ఉండేవాణ్ణి. రాత్రి ఒంటిగంట దాటింది. స్క్రీన్ మీద పేర్లు పైకి పోతున్నాయి, పియానో వినిపిస్తోంది, నా గొంతు పూడుకుపోయింది. పక్క మంచం మీద ఫ్రెండ్‌కి మెలకువ వచ్చి "ఏమైంది రా?" అన్నాడు. "గేమ్ అయిపోయింది. సూపర్ ఉంది రా" అన్నాను. "కథేంటి?" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. చనిపోబోతున్న ముసలాయన, చంద్రుడి మీదకి వెళ్ళాలని ఆయన కోరిక, ఆయన జ్ఞాపకాల్లోకి దిగే ఇద్దరు డాక్టర్లు... రెండు నిమిషాల్లో వాడు మళ్ళీ నిద్రపోయాడు.

వాడి తప్పేం లేదు. నేను వాడికి కథ చెప్పాను. నన్ను పట్టి ఊపేసింది కథ ఒక్కటే కాదు, ఇంకేదో ఉంది. అదేమిటో నాకే తెలియలేదు. వారం తిరిగేసరికి అది కూడా చెదిరిపోయింది, ఏడ్చానన్న సంగతి మాత్రం గుర్తుంది.

అప్పటి నుంచి కథ ఉన్న గేమ్ ఏది ఆడినా పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుంటున్నాను. కొన్నేళ్ళ మీద నాకొక పద్ధతి కుదిరింది. అదే ఇక్కడ చెబుతున్నాను. దీనికి మీరు రచయిత అయి ఉండక్కర్లేదు. ఉత్తరం రాయగలిగితే చాలు.

ముందు చిన్న గేమ్ పట్టుకోండి

విజువల్ నావెల్ ఎప్పుడూ చూడనివాళ్ళకి ఒక మాట. వెనక ఒక బొమ్మ, దాని ముందు పాత్రలు, కింద పెట్టెలో మాటలు, నేపథ్యంలో సంగీతం. మీరు క్లిక్ చేస్తే తర్వాతి మాట వస్తుంది. కొన్నిచోట్ల రెండు మూడు దారులు చూపించి ఎటు వెళ్తారో ఎంచుకోమంటారు, దాన్ని బట్టి కథ మలుపు తిరుగుతుంది. కొన్నిటిలో ఆ ఎంపికలు కూడా ఉండవు. 2004లో జపాన్ నుంచి వచ్చిన 'ప్లానెటేరియన్' అలాంటిదే. మనుషులు వదిలేసిపోయిన ఊళ్ళో, ఆగని వానలో, దాదాపు 30 ఏళ్ళుగా ప్రేక్షకుల కోసం ఎదురుచూస్తున్న రోబో అమ్మాయి కథ. క్లిక్ చేస్తూ చదవడం తప్ప మీరు చేసేదేమీ లేదు. అయినా చివరికి వచ్చేసరికి ఆ క్లిక్ చెయ్యడానికి చెయ్యి రాదు.

ఈ రకంలో అందరూ ముందు చెప్పే పేరు 'క్లానాడ్'. అది కూడా 2004దే, 'ప్లానెటేరియన్' చేసిన కీ సంస్థదే. నాకది ప్రాణం. కానీ మొదటే దాని జోలికి వెళ్ళకండి. పదుల గంటలు పడుతుంది, అసలు బరువంతా చివర్లో 'ఆఫ్టర్ స్టోరీ' భాగంలో ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు అక్కడిదాకా చేరకుండానే విసిగిపోతారు. రాసుకోవడం నేర్చుకోవాలంటే ఒకటి రెండు రాత్రుల్లో అయిపోయే గేమ్ కావాలి.

ఫోన్ మాత్రమే ఉంటే 'ఫ్లోరెన్స్' ఆడండి. 2018లో వచ్చింది, మెల్‌బోర్న్‌లో ఒక చిన్న బృందం చేసింది. ముప్పావుగంటలో అయిపోతుంది, మాటలు చాలా తక్కువ, ఇంగ్లిషు అంతగా రానివాళ్ళు కూడా ఆడేయొచ్చు. పాత ల్యాప్‌టాప్ ఉంటే 'టు ద మూన్'. 2011లో కెనడాలో కాన్ గావ్ అనే కుర్రాడు ఆర్‌పీజీ మేకర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో చేసిన గేమ్ అది, పాత కాలం వీడియో గేమ్ బొమ్మల్లాగే ఉంటుంది, నాలుగైదు గంటలు పడుతుంది. కొంచెం మంచి గ్రాఫిక్స్ ఉన్న కంప్యూటర్ అయితే 2017లో వచ్చిన 'వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్', రెండు రెండున్నర గంటలు. రూపాయి ఖర్చు లేకుండా కావాలంటే 'నార్సిస్సు' స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో ఉచితంగా ఉంది. మిగతావి కావలసినవాటి జాబితాలో పెట్టుకుని సేల్ వచ్చేదాకా ఆగండి. తొందరేం లేదు, ఈ గేమ్స్ పాతబడవు.

కొనే ముందు ఇంకొకటి తప్పకుండా చూసుకోండి. అందులో ఏ బాధ ఉంది? 'నార్సిస్సు' నయంకాని జబ్బు గురించి. 2016లో వచ్చిన 'దట్ డ్రాగన్, క్యాన్సర్' ర్యాన్, ఎమీ గ్రీన్ దంపతులు తమ పసివాడు జోయెల్ జబ్బు గురించి చేసుకున్న గేమ్. అది పూర్తికాకముందే, 2014లో, ఆ పిల్లవాడు పోయాడు. 'డోకీ డోకీ లిటరేచర్ క్లబ్' చూడ్డానికి స్కూలు పిల్లల సరదా కథలా ఉంటుంది, కానీ మొదట్లోనే హెచ్చరిక చూపిస్తుంది. ఆ హెచ్చరికని నమ్మండి, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి.

ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే ఆ రకం బాధ ఉన్న గేమ్ కొన్నాళ్ళు పక్కన పెట్టడం మంచిది. మా నాన్న పోయిన ఏడాది నేను 'స్పిరిట్‌ఫేరర్' మొదలుపెట్టాను. పోయినవాళ్ళ ఆత్మలని పడవ ఎక్కించుకుని, వండిపెట్టి, కౌగిలించుకుని, సమయం వచ్చినప్పుడు చివరి ద్వారం దగ్గర దింపి రావాలి. మొదటి మనిషిని దింపాల్సిన రోజు రాగానే ల్యాప్‌టాప్ మూసేశాను. రెండేళ్ళ తర్వాత మళ్ళీ తెరిచి పూర్తి చేశాను. ఆపడం ఓటమేం కాదు. గేమ్ ఆడాక బాధ రోజుల తరబడి వదలకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే, నోట్‌బుక్ సంగతి తర్వాత, ముందు మనిషితో మాట్లాడండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు తీసుకోరు.

కూర్చునే ముందు

ఇల్లు సర్దుమణిగాక కూర్చోండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఈ గేమ్స్‌లో సగం కథ సంగీతమే చెబుతుంది. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. మాటలు వాటంతటవే కదిలే ఆటో మోడ్, మాటల్ని దాటించేసే స్కిప్ రెండూ ఆపేయండి. మాట మీకు మీరే తిప్పుకోవాలి, ఎందుకో ముందుకెళ్ళాక చెబుతాను.

సేవ్ మాత్రం మర్చిపోకండి. 'టు ద మూన్'లో మనమే మెనూ తెరిచి సేవ్ చేసుకోవాలి. మా వైపు గాలివాన అంటే కరెంటు పోవడం ఖాయం, నా ల్యాప్‌టాప్ బ్యాటరీ అప్పటికే చచ్చిపోయి ఉంది. ఒక రాత్రి రెండు గంటల ఆట అలా పోయింది. మళ్ళీ ఆడాను కానీ, ఏం జరుగుతుందో తెలిసి ఆడిన ఆ రెండు గంటలూ మొదటిసారిలా లేవు. ఎంపిక వచ్చినప్పుడల్లా విడిగా ఒక సేవ్ పెట్టుకోండి, కానీ మొదటి ఆటలో దాన్ని వెనక్కి తెరవకండి. మీరు తప్పు ఎంచుకుంటే ఆ తప్పుతోనే చివరిదాకా వెళ్ళండి. రాయడానికి సరుకు అక్కడే దొరుకుతుంది.

ఆడుతూ ఒక్క మాటే రాయండి

ఆడుతున్నప్పుడు వాక్యాలు రాయకండి. వాక్యం రాయడం మొదలుపెడితే గేమ్‌లోంచి బయటికి వచ్చేస్తారు. మనసు కదిలినచోట ఒక మాట, పక్కన టైము. అంతే. 'కాగితం కుందేళ్ళు, 11:20.' 'షెల్ఫ్, 10:05.' స్టీమ్‌లో ఎఫ్12 నొక్కితే స్క్రీన్‌షాట్ పడుతుంది, అది కూడా వాడుకోవచ్చు. కానీ నా అనుభవంలో స్క్రీన్‌షాట్లు వందలు పోగవుతాయి, మళ్ళీ తెరిచి చూసేవి తక్కువ. చేత్తో రాసిన ఒక్క మాట చూస్తే ఆ క్షణం మొత్తం తిరిగి వస్తుంది.

మాటలు ఆగిపోయి బొమ్మ, సంగీతం మాత్రమే మిగిలిన చోట్లు వస్తాయి. అక్కడ చాలామంది టకటకా క్లిక్ చేసేస్తారు, "ఏమీ జరగట్లేదు కదా" అని. మా విజయనగరం వైపువాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథ చెప్పిన నేల అది. హరికథలో దాసు గారు కథ మంచి పట్టులో ఉండగా ఆపి కీర్తన అందుకుంటారు. కథ అంగుళం కూడా ముందుకు జరగదు. వింటున్నవాళ్ళ మనసు మాత్రం లోతుకి దిగుతుంది. గేమ్‌లో మాటలు ఆగినచోటుని కూడా అలాగే వినాలి. పాట పూర్తయ్యేదాకా చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకోండి.

చెయ్యి ఎక్కడ ఆగింది?

నా పద్ధతిలో ముఖ్యమైనది ఇదే. కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

సినిమా మనం చూడకపోయినా నడుస్తుంది. గేమ్ మన చెయ్యి కదిలితేనే నడుస్తుంది. అందుకే ఎక్కడ కన్నీళ్ళు వచ్చాయని కాకుండా, ఎక్కడ చెయ్యి ఆగిందని వెతుక్కోవాలి. ఎక్కడ నొక్కబుద్ధి కాలేదు? ఎక్కడ కావాలని ఆలస్యం చేశారు? ఎక్కడ ఆలోచించకుండా నొక్కేసి తర్వాత బాధపడ్డారు? కన్నీళ్ళు మంచి సంగీతానికి కూడా వస్తాయి. చెయ్యి ఊరికే ఆగదు.

'ఫ్లోరెన్స్' చూడండి. ఫ్లోరెన్స్ అనే అమ్మాయి, క్రిష్ అనే భారతీయ మూలాలున్న చెల్లో వాయించే కుర్రాడు. వాళ్ళు మొదటిసారి కలిసి మాట్లాడుకుంటున్నప్పుడు, మాటల బుడగని మనం ముక్కలు అతికించి తయారుచెయ్యాలి. మొదట్లో ముక్కలు ఎక్కువ, ఎక్కడ ఏది పెట్టాలో తడుముకోవాలి. చనువు పెరిగే కొద్దీ ముక్కలు తగ్గుతాయి, ఇట్టే అతుక్కుంటాయి. కొత్త మనిషితో మాట్లాడటం ఎంత కష్టమో, అలవాటైన మనిషితో ఎంత సులువో ఒక్క మాట రాయకుండా మన వేళ్ళకి చెప్పేశారు. పోట్లాట వచ్చినప్పుడు ముక్కల అంచులు రంపపు పళ్ళలా అవుతాయి. నా నోట్‌బుక్‌లో ఉన్న 'షెల్ఫ్' మాత్రం వేరే చోటుది. క్రిష్ ఆమె ఇంట్లోకి మారినప్పుడు అతని వస్తువులు అరల్లో సర్దాలి. అరలు నిండుగా ఉన్నాయి. ఫ్లోరెన్స్ వస్తువు ఏదో ఒకటి తీసి పక్కన పెడితే గానీ అతని వస్తువుకి చోటు రాదు. ఏది తియ్యాలో తేల్చుకోలేక నేను అక్కడ చాలాసేపు ఆగిపోయాను. పెళ్ళయ్యి వచ్చినప్పుడు మా వదిన తన పుస్తకాల పెట్టె ఎక్కడ పెట్టుకుందో నాకు గుర్తు రాలేదు. ఆ పెట్టె ఉందని మాత్రం గుర్తొచ్చింది.

ఇంకో ఉదాహరణ 'ఎడిత్ ఫించ్' నుంచి. ఆ గేమ్ ఆడాలనుకునేవాళ్ళు కింది రెండు పేరాలూ దాటేయండి.

ఫించ్ కుటుంబంలో లూయిస్ అనే కుర్రాడు చేపల డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో పని చేస్తుంటాడు. మనం ఒక చేత్తో చేపని తీసుకుని, కత్తి కిందకి తోసి, తల తెగాక అవతలికి విసిరెయ్యాలి. మళ్ళీ ఇంకో చేప. మళ్ళీ ఇంకోటి. అదే సమయంలో రెండో చేత్తో, లూయిస్ ఊహలో నడుస్తున్న చిన్న బొమ్మని తిప్పాలి. ఆ ఊహ మొదట స్క్రీన్ మూలలో చిన్నగా ఉంటుంది. అది పెరిగి పెరిగి ఊళ్ళు, నదులు, రాజ్యాలు అయి స్క్రీన్ మొత్తాన్ని కప్పేస్తుంది. ఎప్పుడో గమనిస్తే, మన చెయ్యి ఇంకా చేపలు కోస్తూనే ఉంది, చూడకుండానే. లూయిస్ కథ ప్రాణం తీసుకోవడంతో ముగుస్తుంది.

మా చిన్నాన్న ఎన్నో ఏళ్ళు గుజరాత్‌లో వేరావల్ వెళ్ళి బోటు మీద పని చేశాడు. మన తీరం నుంచి వలస వెళ్ళేవాళ్ళకి ఆ ఊరి పేరు సొంత ఊరి పేరంత దగ్గర. నా చిన్నప్పుడు "అక్కడ బోర్ కొట్టదా చిన్నాన్నా?" అని అడిగితే ఆయన అన్నమాట ఆ గేమ్ ఆడుతుండగా చెవిలో వినిపించింది. "సేతులు వల లాగతాయి రా. మనసు ఊర్లో తిరుగుతాది." ఆ మాట నాకు పదిహేనేళ్ళ పాటు ఊరికే మాటగా ఉండిపోయింది. చేపలు కోస్తున్న నా కుడిచెయ్యి దాని అర్థం చెప్పింది.

ఆ రాత్రే రాయకండి

గేమ్ అయిపోయాక పేర్లన్నీ పైకి వెళ్ళేదాకా కూర్చోండి. తర్వాత లేచి మంచినీళ్ళు తాగి పడుకోండి. యూట్యూబ్‌లో ఆ గేమ్ ముగింపు మీద ఎవరేం చెప్పారో వెతకొద్దు. వెతికితే పొద్దునకి మీ మనసులో వాళ్ళ మాటలే ఉంటాయి, మీవి పోతాయి. ఈ ఒక్క విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. రాసుకోవడం అయ్యేదాకా ఒక్క రివ్యూ చదవను.

మర్నాడు వీలైతే ఎటైనా నడవండి. 'టు ద మూన్' రెండోసారి ఆడాక నేను కళింగపట్నం వెళ్ళాను. ఆ గేమ్‌లో కొండ మీద ఇల్లు, దాని పక్కన లైట్‌హౌస్ ఉంటాయి. ముసలాయన భార్య రివర్‌కి ఆ లైట్‌హౌస్ అంటే మనిషితో సమానం, దానికి ఆన్యా అని పేరు కూడా ఉంది. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట ఇసకలో కూర్చుని మన లైట్‌హౌస్ వైపు చూస్తే, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కొత్తగా కనిపించింది. అప్పుడు నోట్‌బుక్ తీశాను.

రాసేటప్పుడు

కథ మొత్తం చెప్పాలని కూర్చోకండి. కథ కావాలంటే ఆడుకుంటారు. చెయ్యి ఆగినచోటు నుంచి మొదలుపెట్టండి. అక్కడ స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది, మీరేం నొక్కాలి, ఎందుకు నొక్కలేదు. ఈ మూడూ రాసేసరికి నాలుగో వాక్యంలో మీ సొంత మనిషి ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. రానివ్వండి.

'ఫ్లోరెన్స్' గురించి నేను మొదట రాసింది ఇది: "చాలా ఎమోషనల్ గేమ్. గ్రాఫిక్స్ సింపుల్‌గా, క్యూట్‌గా ఉన్నాయి. మ్యూజిక్ మనసుని తాకుతుంది. ప్రేమలో ఉన్నవాళ్ళు తప్పక ఆడాలి." ఇది అబద్ధం కాదు. కానీ ఏ గేమ్‌కైనా అతికించొచ్చు. కొట్టేసి మళ్ళీ రాశాను: "అరలో ఆమె చిన్నప్పటి బొమ్మ ఉంది. దాన్ని తీస్తే అతని సామాను పడుతుంది. వేలితో పట్టుకుని పైకి ఎత్తాను, మళ్ళీ అక్కడే పెట్టాను. వదిన వచ్చిన రోజున మా బీరువాలో ఒక అర ఖాళీ చేశాం. ఆమె ఏం వదిలేసి వచ్చిందో ఎవరం అడగలేదు." ఇది వేరే ఎవరూ రాయలేరు. అంత గొప్పగా ఉందని కాదు, ఆ అర మా ఇంట్లోది కాబట్టి.

ఎమోషనల్, హార్ట్ టచింగ్, ఫీల్ అయ్యాను లాంటి మాటలు వచ్చినప్పుడల్లా కింద గీత గీసి, ఆ మాట తీసేసి, అప్పుడు ఒంట్లో ఏం జరిగిందో రాయండి. గొంతు పట్టేసిందా, వేలు మౌస్ మీద బిగుసుకుపోయిందా, లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చారా. సేవ్, ఛాయిస్, రూట్ లాంటి మాటలకి తెలుగు వెతుక్కుంటూ కూర్చోవద్దు, అందరూ అనేమాటే రాయండి. బాధకి మాత్రం ఇంట్లో మాట్లాడుకునే మాటలే వాడండి.

రాసింది ఎవరికైనా చూపించాలనుకుంటే ముగింపు బయటపెట్టకుండా రాయడం కష్టమేం కాదు. చెయ్యి ఆగినచోటు సాధారణంగా ముగింపులో ఉండదు, దానికి చాలా ముందే ఉంటుంది.

ఇంట్లోవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి

ఇలాంటి గేమ్స్ తెలుగులో దాదాపు దొరకవు. అది లోటే. కానీ ఆ లోటు వల్ల ఒక మంచి పని జరుగుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకి ప్రతి మాటా మనం తెలుగులో చెప్పాలి. చెప్పాలంటే ముందు మనకి అర్థం కావాలి.

దీనికి 'వెన్బా'తో మొదలుపెట్టండి. 2023లో వచ్చింది. 1980ల్లో కెనడా వెళ్ళిన తమిళ కుటుంబం కథ. ఆ ఇంటి ఇల్లాలు వెన్బా దగ్గర వాళ్ళ అమ్మ ఇచ్చిన వంట పుస్తకం ఒకటి ఉంటుంది, అది చెరిగిపోయింది, చిరిగిపోయింది. మిగిలిన మాటల్ని పట్టుకుని వంట ఎలా చెయ్యాలో ఊహించాలి. మొదటి వంటే ఇడ్లీ. మా అమ్మ టీవీ సీరియల్ వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంది. "పై ప్లేటు గుంట, కింద ప్లేటు గుంట ఒక దాని మీద ఒకటి రానివ్వకు, పిండి అంటుకుంటాది" అంది. నాకు ముప్పై ఏళ్ళు వచ్చాయి, రోజూ ఆ ఇడ్లీలు తింటున్నాను, ఆ సంగతి నాకు తెలియదు. గేమ్‌లో వెన్బా కొడుకు కవిన్ పెద్దవాడై ఇంటి భాషకి దూరం జరుగుతుంటే మా అమ్మ ఏమీ అనలేదు. కాసేపయ్యాక "ఆ పుస్తకం ఎవరైనా మంచిగా తిరగ రాసి ఉంచాల్సింది" అంది.

ఆ ధైర్యంతో 'టు ద మూన్' మూడోసారి అమ్మకి చూపిస్తూ ఆడాను. మూడు రాత్రులు పట్టింది. డాక్టర్లు ముసలాయన జ్ఞాపకాల్లోకి చివరి నుంచి మొదటికి, వెనక్కి నడుస్తారు. ఆ ఇంట్లో ఎక్కడ చూసినా కాగితం కుందేళ్ళే, అన్నీ రివర్ మడిచినవే. భర్తకి కూడా అవి ఎందుకో తెలియదు. నేను రెండుసార్లు ఆడినా వాటిని కథలో చిక్కుముడిగానే చూశాను, విప్పితే చాలనుకున్నాను. అమ్మ మాత్రం మొదటి రాత్రే ఆపమంది.

"ఒక్క నిమిషం ఉండు. అన్ని కుందేళ్ళు ఎందుకు చేసిందో ఆయన గట్టిగా అడగలేదా?"

"చివరిదాకా చూడమ్మా, తెలుస్తుంది."

"అది కాదు. ఎదురుగా కూర్చుని చేస్తుంటే అడగొద్దూ?" అని కాసేపు ఆగి, "మీ పెద్దమ్మ వత్తులు చేస్తుందే, అలాగుంది" అంది.

నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసిన మాట 'వత్తులు, 9:50'.

గుర్తొచ్చిన మనిషి దగ్గరికి వెళ్ళండి

ఇది చాలామంది చెయ్యరు. నేనూ చాలా ఏళ్ళు చెయ్యలేదు. రాసుకున్న పేజీలో ఒక మనిషి పేరు వచ్చి, ఆ మనిషి ఇంకా మన మధ్య ఉంటే, వెళ్ళి అడగండి. గేమ్ సంగతి చెప్పక్కర్లేదు. మీ చెయ్యి ఆగిన ప్రశ్న ఒక్కటి తీసుకెళ్ళండి. ఫోన్లో వద్దు, ఎదురుగా కూర్చుని అడగండి. వాళ్ళు పనిలో ఉంటే మీరూ ఆ పని అందుకోండి, చేతులు కదులుతుంటే మాటలు సులువుగా వస్తాయి. సమాధానం రాకపోతే ఊరుకోండి.

మా పెద్దమ్మ నరసన్నపేటలో ఉంటుంది. పెదనాన్న పోయి తొమ్మిదేళ్ళు. మేము ఎప్పుడు వెళ్ళినా గడప పక్కన పీట మీద కూర్చుని పత్తి తీసి వత్తులు చేస్తూ ఉంటుంది. బిస్కెట్ డబ్బాలు, హార్లిక్స్ సీసాలు నిండి ఉంటాయి. పెద్దావిడ, పొద్దుపోవడానికి చేసుకుంటుందని అందరం అనుకున్నాం. ఎవరికైనా కావాలంటే గుప్పెడు తీసుకునేవాళ్ళం కూడా.

ఆదివారం శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కి వెళ్ళాను. ఆమె ఎదురుగా కూర్చుని కొంచెం పత్తి తీసుకున్నాను. నాకు సన్నగా రాలేదు, ఆమె నవ్వి వేళ్ళకి కొంచెం విభూది రాసుకోమంది. అప్పుడు అడిగాను, "ఇన్ని ఎందుకు చేస్తున్నావు పెద్దమ్మా?"

చాలాసేపు చేతులు ఆపలేదు. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది.

"మీ పెదనాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొక్కుకున్నాను నాయనా. ఇంటికొస్తే శ్రీముఖలింగంలో లచ్చ వత్తులు ఎలిగిస్తానని. ఆసుపత్రిలోనే మొదలెట్టేను, మంచం పక్కన కూకుని. ఆయన రానేదు. మొక్కు తీరినట్టా, తీరనట్టా? ఎవుల్ని అడగాలో తెలీక చేస్తన్నాను. మధ్యలో లెక్క తప్పిపోనాది. మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టేను."

నేనేమీ అనలేదు. పై అటక మీంచి డబ్బాలు దించాను. చాప వేసి ఒక్కో డబ్బా బోర్లించి, నూరేసి లెక్కపెట్టి దారంతో కట్టడం మొదలుపెట్టాం. ఆమె లెక్కపెడితే నేను కట్టాను, ఆమె కళ్ళు అలిసినప్పుడు నేను లెక్కపెట్టాను. దీపాలు పెట్టేవేళకి నూట పన్నెండు కట్టలు అయ్యాయి. పదకొండు వేల రెండువందలు. ఆ లెక్క నోట్‌బుక్‌లో 'టు ద మూన్' పేజీకి ఎదురుగా రాసుకున్నాను, మళ్ళీ లెక్క తప్పిపోకుండా.

ఇంకా ఆరు డబ్బాలు ఉన్నాయి. వచ్చే ఆదివారం పొద్దున్నే రమ్మంది.